గాయాల తీవ్రత స్కోర్లు: డెల్టా క్యాజువాలిటీల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు పెద్దాసుపత్రులకు కేసులు పంపే ఏరియా ఆసుపత్రుల్లోనూ, ఆ కేసులు అందుకునే క్యాజువాలిటీల్లోనూ పనిచేసే హౌస్‌సర్జన్లు, స్టాఫ్‌నర్సులు, ట్రామా రిజిస్టర్ నింపేవారి కోసం రాసిన పేజీ ఇది. రోగి బంధువులకు పనికొచ్చే ప్రశ్నలు కూడా మధ్యలో ఉన్నాయి. ఉదాహరణల్లోని రోగులు లెక్క చూపించడానికి కల్పించినవారే.

అసలు ఇన్ని స్కోర్లు ఎందుకు? ఒక్కటి చాలదా?

చాలదు. ఒక్కో స్కోరు ఒక్కో ప్రశ్నకు జవాబు. ఒంట్లో ఏమేం దెబ్బతిన్నాయో కొలిచేవి ఏఐఎస్, ఐఎస్ఎస్, ఎన్ఐఎస్ఎస్. వీటిని శరీర నిర్మాణ స్కోర్లు అంటారు. ఆ దెబ్బను ఒళ్లు ఎలా తట్టుకుంటోందో కొలిచేవి జీసీఎస్ (స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలు), ఆర్‌టీఎస్ (రివైజ్డ్ ట్రామా స్కోరు), షాక్ ఇండెక్స్, గ్యాప్. ఇవి బీపీ, నాడి, శ్వాస, స్పృహల మీద నడుస్తాయి. రెంటినీ వయసుతో కలిపి బతికే అవకాశాన్ని లెక్కగట్టేది ట్రిస్.

ఆచరణలో తేడా ఒక్కటే. రెండో రకం స్కోరు రోగి స్ట్రెచర్ మీద ఉండగానే చేతికొస్తుంది. మొదటి రకం స్కాన్, ఆపరేషన్, ఒక్కోసారి పోస్టుమార్టం అయ్యాక గానీ పూర్తి కాదు. అందుకే ఐఎస్ఎస్ చూసి రిఫర్ చేయాలా వద్దా అని తేల్చుకోబోవడం పొరపాటు. ఆ నిర్ణయం తీసుకోవలసిన వేళకు ఐఎస్ఎస్ ఉండదు.

ఏఐఎస్ అంటే ఏమిటి? అంకెలు ఎవరు వేస్తారు?

ప్రతి గాయానికీ 1 నుంచి 6 వరకు తీవ్రత ఇచ్చే నిఘంటువు లాంటి పుస్తకం ఏఐఎస్. మొదట 1971లో వాహన ప్రమాదాల కోసం అచ్చయింది. తర్వాత 1990, 2005, 2015 కూర్పులు వచ్చాయి. 1 అంటే స్వల్పం, 3 అంటే తీవ్రం, 5 అంటే ప్రాణాపాయం, 6 అంటే ప్రస్తుత వైద్యానికి అందనిది. అంకెను మన అంచనా కొద్దీ వేయకూడదు. పుస్తకంలో ఆ గాయం వర్ణన ఎక్కడ సరిపోతే అక్కడున్న అంకె తీసుకోవాలి. ఉదాహరణకు ప్లీహం చిరుగు ఒకటి, రెండు గ్రేడ్లలో ఉంటే 2, మూడో గ్రేడుకు 3, నాలుగుకు 4, అయిదుకు 5. తొడ ఎముక మధ్యలో విరిగితే 3.

ఏ కూర్పు వాడుతున్నారో రిజిస్టర్ మొదటి పేజీలోనే రాసిపెట్టండి. కూర్పు మారితే కొన్ని గాయాల అంకెలు మారతాయి. నిరుడు ఒక కూర్పుతోనూ ఈ ఏడాది మరో కూర్పుతోనూ వేసి, తీవ్ర కేసులు తగ్గాయని సంబరపడితే లాభం లేదు.

ఐఎస్ఎస్ ఎలా లెక్కించాలి?

1974లో సూసన్ బేకర్ బృందం బాల్టిమోర్ రోడ్డు ప్రమాద బాధితుల సమాచారంతో దీన్ని రూపొందించింది. శరీరాన్ని ఆరు భాగాలు చేస్తారు: తల–మెడ, ముఖం, ఛాతీ, పొట్ట (కటిలోపలి అవయవాలతో సహా), కాళ్లుచేతులు (కటి ఎముకలతో సహా), చర్మం. ఒక్కో భాగంలో అతి తీవ్రమైన గాయాన్నే తీసుకోవాలి. వాటిలో పెద్దవైన మూడు అంకెలను వర్గం చేసి (ఒక్కోదాన్ని దానితోనే గుణించి) కూడాలి. ఎక్కడైనా ఒక్క 6 ఉంటే మిగతావి చూడకుండా 75 వేసేయాలి. గాయపడినవారికి స్కోరు 1 నుంచి 75 వరకు ఉంటుంది. 15 దాటితే పెద్ద గాయం కింద లెక్క.

ఎక్కువగా తప్పు పడేది వెన్నెముక దగ్గర. మెడ వెన్ను తల–మెడలోకి, ఛాతీ వెన్ను ఛాతీలోకి, నడుము వెన్ను పొట్టలోకి వెళ్తాయి. నడుం విరిగిన కేసును కాళ్లుచేతుల భాగంలో వేసేవారు చాలామంది ఉన్నారు. చెట్టు మీంచి పడినవారిలో మడమతో పాటు నడుము వెన్ను విరగడం మామూలే కాబట్టి కోనసీమ రిజిస్టర్లలో ఈ తప్పు మాటిమాటికీ దొర్లే అవకాశం ఉంది.

రిజిస్టర్‌లో 7 గానీ 15 గానీ కనిపిస్తే ఆ లెక్క తప్పినట్టే. మూడు వర్గాలను ఎలా కూడినా ఆ రెండు సంఖ్యలూ రావు. నెలాఖరున తనిఖీ చేయడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు.

ఒక కేసును పూర్తిగా లెక్కగట్టి చూపిస్తారా?

45 ఏళ్ల కొబ్బరి దింపు కార్మికుడు చెట్టు మీంచి పడ్డాడు. క్యాజువాలిటీకి వచ్చేసరికి పై బీపీ 84, నాడి 128, నిమిషానికి 32 శ్వాసలు. కళ్లు తెరిచే ఉన్నాడు, చెప్పినట్టు చేతులు కదుపుతున్నాడు, మాటలు మాత్రం తికమకగా ఉన్నాయి. అంటే కళ్లు 4, మాట 4, కదలిక 6, మొత్తం జీసీఎస్ 14. స్కాన్లో ఎడమవైపు మూడుకు పైగా పక్కటెముకలు విరిగాయి (3), ప్లీహం మూడో గ్రేడు చిరుగు (3). ఎక్స్‌రేలో తొడ ఎముక విరిగింది (3). ఒంటి మీద దోక్కుపోయిన గాయాలు (1).

ఐఎస్ఎస్: 9 + 9 + 9 = 27. చర్మం నాలుగో స్థానంలో ఉంది కాబట్టి లెక్కలోకి రాదు.

ఆర్‌టీఎస్‌కు మూడు కొలతలను 0 నుంచి 4 వరకు కోడ్ చేయాలి. జీసీఎస్ 13–15కు 4, 9–12కు 3, 6–8కి 2, 4–5కు 1, 3కు 0. పై బీపీ 89 దాటితే 4, 76–89కి 3, 50–75కు 2, 1–49కి 1, లేకపోతే 0. శ్వాస 10–29కి 4, 29 దాటితే 3, 6–9కి 2, 1–5కు 1, ఆగిపోతే 0. మన రోగికి వరుసగా 4, 3, 3.

ఆర్‌టీఎస్ = 0.9368 × 4 + 0.7326 × 3 + 0.2908 × 3 = 6.8174. ఈ స్కోరు గరిష్ఠం 7.8408.

ఇక ట్రిస్. మొద్దు దెబ్బలకు (పడటం, గుద్దుకోవడం లాంటివి) 1995లో సవరించిన గుణకాలతో ‘బి’ విలువ ఇలా వస్తుంది: –0.4499 + 0.8085 × ఆర్‌టీఎస్ – 0.0835 × ఐఎస్ఎస్ – 1.7430 × వయసు. వయసు 55 నిండితే 1, లేకపోతే 0. మన రోగికి బి = –0.4499 + 5.5119 – 2.2545 = 2.8075. సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో 2.718ని –2.8075 ఘాతానికి హెచ్చించి, దానికి 1 కలిపి, 1ని ఆ మొత్తంతో భాగిస్తే 0.943. బతికే అవకాశం దాదాపు 94 శాతం.

కత్తిపోటు లాంటి చొచ్చుకుపోయిన గాయాలకు గుణకాలు వేరు: –2.5355, 0.9934, –0.0651, –1.1360. పదిహేనేళ్ల లోపు పిల్లలకు గాయం ఏ రకమైనా మొద్దు దెబ్బల గుణకాలే వాడతారు.

ఇదే గాయాలు 58 ఏళ్ల మనిషికి తగిలితే?

బి 1.0645కు పడుతుంది, అవకాశం 74 శాతానికి దిగుతుంది. 54 ఏళ్లకు 94, మరుసటి పుట్టినరోజుకు 74! మనిషి ఒంట్లో అలాంటి మెట్టు ఉండదు. అది సూత్రంలోని మెట్టు. వయసును రెండు ముక్కలు చేసి లెక్క సులువు చేసుకున్నందుకు చెల్లించే మూల్యమిది. డెల్టా పల్లెల్లో వయసును యాభై అనో అరవై అనో గుండుగుత్తగా చెప్పడం అలవాటు కాబట్టి ఈ మెట్టు మరింత ఇబ్బంది పెడుతుంది. ఆధార్ చూసి రాయండి. లేకపోతే అంచనా వయసు అని పక్కన రాయండి.

బీపీ ఎప్పటిది వేయాలి? 108లో తీసిందా, మేం తీసిందా, సెలైన్ ఎక్కాక తీసిందా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. ట్రిస్‌కు ఆసుపత్రికి చేరగానే తీసిన మొదటి కొలతలు కావాలి. రోగి ఏరియా ఆసుపత్రి నుంచి రిఫర్ అయి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. అమలాపురంలోనో నరసాపురంలోనో రెండు సీసాలు ఎక్కించి, ఆక్సిజన్ పెట్టి పంపితే, పెద్దాసుపత్రిలో దిగేసరికి బీపీ 104, శ్వాస 24 ఉండొచ్చు. అవే వేస్తే రెండూ 4 కింద పడి ఆర్‌టీఎస్ నిండుగా 7.8408 అవుతుంది. పై 58 ఏళ్ల రోగికి బతికే అవకాశం 74 నుంచి 87కు పెరుగుతుంది.

ఇందులో నష్టమేమిటంటే, అలాంటివారు వందమంది వస్తే 26 మంది పోవచ్చని చెప్పాల్సిన సూత్రం 13 మందే పోవచ్చంటుంది. నిజంగా 26 మంది పోతే, అందుకున్న ఆసుపత్రి రెట్టింపు మందిని పోగొట్టుకున్నట్టు కనిపిస్తుంది. కింది ఆసుపత్రి బాగా పనిచేసిన ఫలితానికి పై ఆసుపత్రి నింద మోస్తుందన్నమాట. కాబట్టి రెండు వరుసలు పెట్టండి: మొదటి ఆసుపత్రిలో తొలి కొలతలు, ఇక్కడికి చేరాక తొలి కొలతలు. రెండింటికీ టైము రాయండి. రిఫరల్ చీటీలో ‘పేషెంట్ స్టేబుల్’ అని రాసి పంపేవారిని ఫోన్ చేసి అంకెలు అడగండి. ఆ మాటతో ఏ స్కోరూ లెక్కకు రాదు.

కేస్‌షీట్లలో శ్వాస రేటు ఎప్పుడూ 18 లేదా 20 ఉంటుంది. పర్వాలేదా?

వంద షీట్లు తిరగేసి, సగానికి పైగా ఒకే అంకె ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. నిజమైన మనుషులు అలా ఒకే తాళంలో ఊపిరి తీయరు. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయడం కనీసం. శ్వాస అడ్డదిడ్డంగా ఉంటే నిండు నిమిషం చూడాలి. నాడి పట్టుకున్నట్టే చెయ్యి ఉంచి పొట్ట కదలిక చూస్తే రోగికి తెలియదు, ఊపిరి మార్చుకోడు.

లెక్కపెట్టకపోతే గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడిని గణాంకాల్లో సర్దుకునే పద్ధతులున్నాయి, కల్పించిన 20ని ఏ పద్ధతీ సరిదిద్దలేదు. బీపీకి కూడా ఇదే వర్తిస్తుంది: ‘తీయలేదు’ వేరు, ‘తీశాం, అందలేదు’ వేరు. రెంటికీ గీత గీసి వదిలేస్తే, షాక్‌లో ఉన్న రోగులందరూ సమాచారం లేదన్న ఖాతాలోకి పోయి లెక్క నుంచి తప్పుకుంటారు.

శ్వాస గొట్టం వేసిన రోగికి జీసీఎస్ ఎలా?

మాట భాగం కొలవలేం. 1 వేసేయకండి, ‘గొట్టం’ అని రాయండి. గొట్టం వేయడానికి, మత్తు ఇవ్వడానికి ముందు చూసిన జీసీఎస్ ఉంటే అదే వాడాలి. లేకపోతే కదలిక అంకె ఒక్కటే వాడే స్కోర్ల వైపు వెళ్లాలి. తల గాయాల్లో ఫలితం చెప్పే శక్తిలో పెద్ద వాటా కదలిక అంకెదే. వాచి మూసుకుపోయిన కళ్లకూ ఇంతే, ‘చూడలేం’ అని రాయాలి.

1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ ఈ స్కేలు ఇచ్చినప్పుడు మూడు భాగాలు విడివిడిగా రాయడానికే ఇచ్చారు. ‘జీసీఎస్ 9’ అని ఒక్క మొత్తం రాస్తే అందులో కదలిక 5 ఉందో 3 ఉందో తెలియదు. నొప్పి కలిగించి చూడాల్సివస్తే గోరు అంచు నొక్కడం, మెడ–భుజం కండరం గిల్లడం, కనుబొమ కింద నొక్కడం సరైనవి. ఛాతీ ఎముకను పిడికిలితో రుద్దడం మానేయండి. కమిలిపోతుంది, పైగా చేతి కదలిక ఏ రకమో తేల్చడం కష్టం.

2018 నుంచి కనుపాపలను కూడా కలిపే పద్ధతి ఒకటి ఉంది: వెలుగుకు స్పందించని కనుపాపలు ఎన్ని ఉంటే అన్ని జీసీఎస్ నుంచి తీసేయాలి. స్కోరు 1 వరకు దిగుతుంది. టార్చిలైటు ఉంటే చాలు.

తాగి ఉన్న రోగి జీసీఎస్ నమ్మాలా?

కనిపించిందే రాయండి, తాగి ఉన్నాడని పక్కన రాయండి. మందు వల్లే అనుకుని తలకు స్కాన్ ఆపడం ప్రమాదకరం. అరగంటకోసారి మళ్లీ చూడండి. మత్తు దిగేకొద్దీ అంకె పెరగాలి. పెరగకపోయినా, తగ్గినా కారణం పుర్రెలో ఉన్నట్టే భావించాలి.

చిన్న ఆసుపత్రిలో స్కాన్ లేదు. అక్కడ ఏ స్కోరు వాడాలి?

మూడు మార్గాలున్నాయి. షాక్ ఇండెక్స్ అన్నిటికన్నా సులువు: నాడిని పై బీపీతో భాగించడమే. 0.9 దాటితే కంగారు పడాలి. మన దింపు కార్మికుడికి 128 ÷ 84 = 1.52. నాడి అంకె బీపీ అంకె కన్నా పెద్దదైతే పెద్దాసుపత్రికి ఫోన్ చేయాలి అనే ఒక్క సూత్రం గోడ మీద రాసిపెట్టినా మేలే.

గ్యాప్ జపాన్‌లో 2011లో వచ్చింది. జీసీఎస్ అంకెకు, వయసు 60 లోపైతే 3, పై బీపీ 120 దాటితే 6, 60–120 మధ్య ఉంటే 4 కలపాలి. 19–24 తక్కువ ముప్పు, 11–18 మధ్యస్థం, 3–10 ఎక్కువ. మన రోగికి 14 + 3 + 4 = 21, అంటే ‘తక్కువ ముప్పు’. పొట్టలో రక్తం కారుతున్న మనిషికి! బీపీ 84నీ 118నీ ఒకే గాటన కట్టడం వల్ల ఇలా జరుగుతుంది. తల గాయాల్లో గ్యాప్ బాగానే ఉంటుంది గానీ, స్పృహలో ఉండి లోపల రక్తస్రావం అవుతున్నవారిలో దాన్ని ఒంటరిగా నమ్మకూడదన్నది మా అభిప్రాయం. షాక్ ఇండెక్స్‌ను పక్కనే పెట్టుకోండి.

మూడోది ఉగాండాలో పుట్టిన కంపాలా ట్రామా స్కోరు. సౌకర్యాలు తక్కువున్న ఆసుపత్రుల కోసమే చేసింది. వయసు 5–55 అయితే 2, లేకపోతే 1. పై బీపీ 89 దాటితే 4, 50–89కి 3, 1–49కి 2, అందకపోతే 1. శ్వాస 10–29కి 3, 30 ఆపైన 2, 9 ఆ లోపు 1. మెలకువగా ఉంటే 4, పిలిస్తే పలికితే 3, నొప్పికే స్పందిస్తే 2, ఏమీ లేకపోతే 1. పైకి తెలిసే తీవ్ర గాయాలు లేకపోతే 3, ఒకటుంటే 2, ఎక్కువుంటే 1. 14–16 స్వల్పం, 11–13 మధ్యస్థం, 10 ఆ లోపు తీవ్రం. మన రోగికి 2 + 3 + 2 + 4 + 1 = 12. పీహెచ్‌సీలో కూడా రెండు నిమిషాల్లో అయిపోయే పని.

లంక గ్రామాల నుంచి వచ్చేవారికి స్కోరు తేడాగా ఉంటుందా?

స్కోరులో దూరానికి గడి లేదు. పడవ మీదో పంటు మీదో రేవు దాటి, అక్కడి నుంచి 108 ఎక్కి వచ్చిన రోగి, జాతీయ రహదారి పక్కనే పడిపోయి పది నిమిషాల్లో చేరిన రోగి ఒకే ఐఎస్ఎస్‌తో ఒకే వరుసలో కూర్చుంటారు. వేగంగా రక్తం పోతున్నవారిలో కొందరు రేవు దగ్గరే ఆగిపోతారు, రిజిస్టర్‌కు ఎక్కరు. అంటే దూరం నుంచి వచ్చి మన దాకా చేరినవారు అప్పటికే వడకట్టబడినవారు. దాంతో దూరప్రాంత రోగులే మెరుగ్గా బతుకుతున్నట్టు లెక్కల్లో కనిపించినా ఆశ్చర్యపోవద్దు. ప్రమాదం జరిగిన టైము, ఆసుపత్రికి చేరిన టైము రెండూ రాయకపోతే ఇది బయటపడదు.

టైము రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రక్తస్రావాన్ని అదుపు చేసే ట్రనెగ్జామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో ఎక్కించి, తర్వాత ఎనిమిది గంటల్లో మరో గ్రాము ఇస్తారు. మొదటి డోసు గాయమైన మూడు గంటల్లోపు పడాలి, ఆ తర్వాత మొదలుపెడితే హాని జరగొచ్చు.

ఐఎస్ఎస్ ఎక్కడ దారి తప్పుతుంది? ఎన్ఐఎస్ఎస్ మేలా?

ఐఎస్ఎస్ ఒక్కో భాగంలో ఒక్క గాయాన్నే చూస్తుంది. ట్రాక్టర్ కింద పడి రెండు తొడ ఎముకలూ విరిగినవాడికీ, ఒకటే విరిగినవాడికీ అది 9 అనే చెబుతుంది. 1997లో ఆస్లర్ బృందం తెచ్చిన ఎన్ఐఎస్ఎస్ ఏ భాగమన్నది పట్టించుకోకుండా అతి తీవ్రమైన మూడు గాయాలు తీసుకుంటుంది. రెండు తొడలకు 9 + 9 = 18. ఎన్ఐఎస్ఎస్ ఎప్పుడూ ఐఎస్ఎస్‌కు సమానంగానో ఎక్కువగానో ఉంటుంది, తక్కువ రాదు. తక్కువ వస్తే లెక్క తప్పింది. రెండూ రాసుకోవడంలో అదనపు శ్రమ లేదు.

ఇంకో లోపం, ఒకే అంకె వేర్వేరు దారుల్లో రావడం. తలలో ఒక్క 5 ఉన్నా 25, ఛాతీలో 4, కాలికి 3 ఉన్నా 25. మెదడు నలిగిన మనిషీ, ఊపిరితిత్తి, కాలు దెబ్బతిన్న మనిషీ ఒకే ముప్పులో ఉండరు. అందుకే ఐఎస్ఎస్ పక్కన తల ఏఐఎస్ విడిగా ఒక గడిలో పెట్టుకోవడం మంచిది.

సంక్రాంతికి కోడికత్తి గాయాలు వస్తాయి. వాటికి ఈ స్కోరు పనిచేస్తుందా?

సరిగా పనిచేయదు. తొడ మొదట్లో ధమని తెగితే గాయం ఒక్కటే. దాని తీవ్రత 4 అనుకున్నా ఐఎస్ఎస్ 16 దాటదు. పైన చెప్పిన దింపు కార్మికుడి 27 కన్నా చిన్న అంకె. కానీ ఆ ధమనిని నొక్కి పట్టుకోకపోతే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. ఐఎస్ఎస్ అనేక చోట్ల మొద్దు దెబ్బలు తగిలిన రోడ్డు ప్రమాదాల కోసం పుట్టింది. ఒకే చోట లోతుగా దిగిన కత్తిని తక్కువ అంచనా వేస్తుంది. ఇక్కడ బీపీ, నాడి చూడండి, గాయం మీద ఒత్తిడి పెట్టండి, అంకె తర్వాత వేసుకోవచ్చు. ట్రిస్ వేసేటప్పుడు చొచ్చుకుపోయిన గాయం గుణకాలు ఎంచుకోవడం మరవకండి.

కారు కాలువలో పడి మునిగినవారు? రొయ్యల చెరువు దగ్గర కరెంటు షాక్ కొట్టినవారు? కాలినవారు?

వీరిని ఐఎస్ఎస్ పట్టికలో కలపకండి. నీట మునిగినవారి ఫలితాన్ని తేల్చేది మెదడుకు ప్రాణవాయువు ఎంతసేపు అందలేదన్నది. ఎముకలు, అవయవాలు బాగానే ఉండి మనిషి పోవచ్చు, అప్పుడు రిజిస్టర్‌లో స్వల్ప గాయంతో చనిపోయినట్టు పడుతుంది. అయితే గట్టు మీంచి పల్టీ కొట్టిన కారులో మెడ, పొట్ట గాయాలు కూడా ఉండొచ్చు. అలాంటివారికి గాయాల స్కోరు వేసి, ‘మునక’ అని వేరే గడిలో గుర్తు పెట్టాలి. ఏరియేటర్ తీగ తగిలి షాక్ కొట్టినవారికి గుండె లయ ముఖ్యం.

కాలిన గాయాలకు సవరించిన బో స్కోరు ఉంది: వయసు, కాలిన శాతం, పొగ పీల్చి ఉంటే 17, మూడూ కలపడమే.

పెద్దవాళ్లలో, పిల్లల్లో, గర్భిణుల్లో ఏం మారుతుంది?

65 నిండినవారికి పై బీపీ 110 కిందికి దిగగానే ప్రమాదంగా చూడాలని 2021 నాటి అమెరికా ట్రయాజ్ (ఎవరిని పెద్ద కేంద్రానికి పంపాలో తేల్చే) మార్గదర్శకాలు చెబుతున్నాయి. మిగతా పెద్దలకు ఆ హద్దు 90. ఎప్పుడూ 160 ఉండే మనిషికి 108 అంటే షాకే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారిలో నాడి పెరగదు కాబట్టి షాక్ ఇండెక్స్ మంచిగానే కనిపిస్తుంది. మాత్రల చీటీ తెమ్మని బంధువులను అడగండి. రక్తం పలుచన చేసే మాత్రలు కూడా అందులోనే బయటపడతాయి.

పిల్లలు చివరి దాకా బీపీ నిలుపుకుని ఒక్కసారిగా పడిపోతారు. పెద్దల ఆర్‌టీఎస్ కోడ్లు చంటిపిల్లల శ్వాసకు సరిపోవు, నెలల బిడ్డకు నిమిషానికి 35 మామూలే. పీడియాట్రిక్ ట్రామా స్కోరు –6 నుంచి 12 వరకు ఉంటుంది, 8 లేదా అంతకన్నా తక్కువైతే పెద్ద కేంద్రానికి పంపాలి.

గర్భిణుల్లో రక్తం పరిమాణం పెరిగి ఉంటుంది కాబట్టి చాలా పోయాక గానీ అంకెలు మారవు. తల్లి స్కోరు బిడ్డ గురించి ఏమీ చెప్పదు.

నలిగిన కాలు తీసేయాలా ఉంచాలా అన్నది స్కోరు చెబుతుందా?

మెస్ అనే స్కోరు 7 ఆపైన ఉంటే తీసేయాల్సి రావచ్చని 1990లో చెప్పారు. తర్వాతి పెద్ద అధ్యయనాల్లో అది అంత నమ్మకంగా నిలబడలేదు. తక్కువ స్కోరు వస్తే కాలు దక్కుతుందని కొంత భరోసా, ఎక్కువ వచ్చినంత మాత్రాన కోసేయడానికి అది ఆధారం కాదు. అందులో ఒక విషయం మాత్రం గుర్తుంచుకోదగ్గది: రక్తం అందక ఆరు గంటలు దాటితే ఆ భాగం పాయింట్లు రెట్టింపవుతాయి. రిఫరల్ ఆలస్యం నేరుగా స్కోరులో పడే అరుదైన చోటు ఇది.

‘ఎంత పర్సెంటు బతుకుతాడండి?’ అని బంధువులు అడిగితే ట్రిస్ అంకె చెప్పొచ్చా?

చెప్పకపోవడమే మంచిది. 94 శాతం అంటే ఇలాంటి కొలతలతో వచ్చిన వందమందిలో 94 మంది ఇంటికి వెళ్లారని. మంచం మీదున్న ఈ ఒక్క మనిషి ఆ 94లో ఉన్నాడా, ఆరుగురిలో ఉన్నాడా అన్నది ఆ అంకెకు తెలియదు. పైగా ఆ లెక్కకు మూలమైన అధ్యయనం 1982–87 మధ్య ఉత్తర అమెరికాలోని 139 ఆసుపత్రుల్లో 80 వేలకు పైగా రోగులతో జరిగింది. వాళ్ల అంబులెన్సులు, రక్తనిధులు, ఐసీయూలు వేరు.

బదులుగా ఇలా చెప్పవచ్చు: ‘పొట్టలో రక్తం కారుతోందండి, కాలు, పక్కటెముకలు విరిగాయి. ప్రమాదం ఉంది. ఈ రాత్రి బీపీ నిలబడితే మంచి గుర్తు. పొద్దున్న మళ్లీ మాట్లాడదామండి.’ వాళ్లకు కావాల్సింది తర్వాత ఏం చూడాలన్నది.

బతికే అవకాశం తక్కువని చికిత్స ఆపడానికి ఈ సూత్రాలు వేటినీ తయారు చేయలేదు.

మరి ఆసుపత్రికి దీనివల్ల ప్రయోజనం ఏమిటి?

రెండు పనులకు బాగా ఉపయోగపడుతుంది. ఒకటి, మరణాల సమీక్ష. బతికే అవకాశం 50 శాతం పైన ఉండి చనిపోయినవారి కేస్‌షీట్లు ప్రతి నెలా బయటికి తీయండి. తప్పు జరిగిందని దానర్థం కాదు, వందలాది షీట్లలో ఏవి ముందు చదవాలో అది చెబుతుంది. రక్తం అడిగిన టైముకూ ఎక్కించిన టైముకూ మధ్య ఎంత గడిచింది, స్కాన్ గదిలో రోగి ఎంతసేపున్నాడు లాంటివి అక్కడ తేలతాయి.

రెండోది ‘డబ్ల్యూ’ అంకె. ట్రిస్ ప్రకారం బతకాల్సినవారి సంఖ్య (అందరి శాతాలూ కూడితే వస్తుంది), నిజంగా బతికినవారి సంఖ్య తీసుకోండి. 200 మందిలో 176 మంది బతకాలి, 170 మంది బతికారనుకుందాం. తేడా –6, వందకు –3. ఊహించినదానికన్నా వందకు ముగ్గురు ఎక్కువ పోయారు. ఇక్కడే ఆగి, ముందు కొలతలు సరిగా పడ్డాయా, లామా కేసులు (వైద్యుల సలహాకు విరుద్ధంగా ఆసుపత్రి విడిచినవారు) ఎటు వేశారు అన్నవి చూడాలి. చికిత్సను అనుమానించేది ఆ తర్వాతే.

లామా కేసులు ఎటు వేయాలి?

డిశ్చార్జి గడిలో మాత్రం కాదు. ఇక లాభం లేదనుకున్నప్పుడు మనిషిని ఇంటి దగ్గరే కన్నుమూయనివ్వాలని సంతకం పెట్టి తీసుకెళ్లే కుటుంబాలున్నాయి. డబ్బు చాలకో, వేరే ఆసుపత్రికో తీసుకెళ్లేవారూ ఉన్నారు. ఇద్దరూ రిజిస్టర్‌లో ‘లామా’నే. వీరిని బతికినవారిలో కలిపితే ఆసుపత్రి అద్భుతంగా కనిపిస్తుంది, తీసేస్తే అత్యంత తీవ్రమైన కేసులే లెక్కలోంచి జారిపోతాయి. చేర్చుకునేటప్పుడే రెండు ఫోన్ నంబర్లు తీసుకుని, 30వ రోజున ఒక్క కాల్ చేసి బతికున్నారో లేదో రాసుకోవడమే పరిష్కారం. కాల్ చేసేవారు ముందు పలకరించి, మెల్లగా అడగాలి. ఎత్తినవారింట్లో పెద్దకర్మ జరుగుతుండవచ్చు.

డబ్బు కారణంగా తీసుకెళ్లబోయే రోడ్డు ప్రమాద కుటుంబాలకు 2025లో వచ్చిన కేంద్ర నగదురహిత చికిత్స పథకం గురించి చెప్పండి: ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర దాకా.

త్వరగా చనిపోయినవారికి ఐఎస్ఎస్ మరీ తక్కువ వస్తోంది. ఎందుకు?

స్కాన్‌కు వెళ్లకముందే పోయారు కాబట్టి. పైకి కనిపించిన తొడ ఎముక ఒక్కటే కోడ్ అవుతుంది, లోపల చిట్లిన కాలేయం ఎక్కడా పడదు. ఐఎస్ఎస్ 9తో చనిపోయినట్టు కనిపిస్తుంది. రోడ్డు ప్రమాద మరణాలకు ఎలాగూ పోస్టుమార్టం ఉంటుంది. ఫోరెన్సిక్ విభాగం నుంచి ఆ వివరాలు తెప్పించుకుని కోడ్ సవరించాలి. ఆ ఒక్క కాగితం రాకపోతే సమీక్షకు తీసిన షీట్లలో చాలావరకు అసలు సమీక్ష అక్కర్లేనివే అవుతాయి.

మా సమాచారంతో సొంత గుణకాలు తయారు చేసుకోవచ్చా?

మరణాలు తగినన్ని ఉంటే చేసుకోవచ్చు. బయటి స్కోరు మన దగ్గర సరిపోతోందో లేదో పరీక్షించడానికే కనీసం వంద మరణాల సమాచారం ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. ఏడాదికి ఇరవై మరణాలు చూసే ఏరియా ఆసుపత్రి ఒంటరిగా చేయలేదు, చుట్టుపక్కలవాళ్లు ఒకే ఫారం వాడి కలిపితే సాధ్యం.

పరీక్షలో రెండు విడిగా చూడాలి. చనిపోయిన ఒకరిని, బతికిన ఒకరిని తీసుకుంటే స్కోరు ఎవరికి ఎక్కువ ముప్పు చెప్పిందన్నది మొదటిది. సరిగా చెప్పిన జతల వాటా 0.5 వస్తే నాణెం ఎగరేసినట్టు, 1 వస్తే పరిపూర్ణం. రెండోది, 80 శాతం అన్నవారిలో నిజంగా 80 మంది బతికారా అన్నది. మొదటిది 0.9 వచ్చిందని రెండోది చూడకుండా వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. రోగులను వరుసలో పెట్టడం చక్కగా వచ్చి, శాతాలు మాత్రం పూర్తిగా తప్పే స్కోర్లు ఉంటాయి.

ఐఎస్ఎస్ ఎక్కువుంటే ఎమ్మెల్సీలో (పోలీసు కేసుల వైద్య నివేదికలో) గ్రీవస్ (చట్టం ప్రకారం తీవ్ర గాయం) అని రాయాలా?

రెంటికీ సంబంధం లేదు. గ్రీవస్ అన్నది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 116 చెప్పే నిర్వచనం ప్రకారం. పన్ను విరిగితే ఏఐఎస్ 1, చట్టం దృష్టిలో అది గ్రీవస్. గాయం సర్టిఫికెట్లో స్కోరు రాయకండి, కోర్టులో వివరించలేక ఇబ్బంది పడతారు.

కంప్యూటర్ లేదు. రిజిస్టర్‌తో మొదలుపెట్టవచ్చా?

మొదలుపెట్టండి. వయసు, ప్రమాదం రకం, ప్రమాదం టైము, చేరిన టైము, తొలి పై బీపీ, నాడి, లెక్కపెట్టిన శ్వాస, కళ్లు–మాట–కదలిక విడిగా, కనుపాపలు, పైకి తెలిసే తీవ్ర గాయాల సంఖ్య, ఎక్కడి నుంచి రిఫర్, 30వ రోజు ఫలితం. ఇవి ఒక్క వరుసలో పడతాయి. కంపాలా, గ్యాప్, షాక్ ఇండెక్స్ మూడూ దీంతో వచ్చేస్తాయి. గాయాల వర్ణన మాటల్లో రాసి ఉంచితే ఏఐఎస్ కోడింగ్ తర్వాత నేర్చుకున్నవారు వెనక్కి వెళ్లి వేసుకోవచ్చు. ‘స్ప్లీన్ ఇంజ్యురీ’ అని కాకుండా గ్రేడు, ‘రిబ్ ఫ్రాక్చర్’ అని కాకుండా ఎన్ని, ఏ వైపు అని రాయండి. అవి లేకపోతే కోడ్ చేసేవారు తప్పనిసరిగా తక్కువ అంకె వేయాల్సి వస్తుంది.